పుష్పకము కాని విమానము

విమానమెక్కుట నేటి దినములలో వింత కాదు. మా వీధిలోనే, పిల్లలు అమెరికాలో నున్న తల్లులు నలుగురైదుగురు ఏటేట పోయి వచ్చుచున్నారు. కాని ఎక్కబోవువారిని ఎదుట నిలిపి, "నీ బరువెంత?" అని యడిగి, ఆ సంఖ్యను పుస్తకములో వ్రాసికొని, ఆ పిమ్మటనే తలుపు తీయు విమానమొకటి యున్నదని 2024వ సంవత్సరము మే నెలలో మాకు తెలిసెను. అడిగినవాడు పరాయివాడు కాడు, మా తమ్ముడే. మేము సమాధానము చెప్పితిమి. ఆ సమాధానములో అయిదు కిలోలు తక్కువగా నుండెను.

మా తమ్ముడు యూటా రాష్ట్రమున సాల్టులేకు నగరములో ఇంజనీరు. వారమంతయు యంత్రములతో కాలము గడుపువాడు సెలవు దినములలోనైన ఇంటిపట్టున నుండునని మేమనుకొంటిమి. అట్లు కాక, విమానము నడుపుట నేర్చి, పరీక్షలిచ్చి, స్నేహితులు ముగ్గురితో కలిసి సెస్నా 182 అను పాత విమానమొకటి కొనెను. దానికొక్కటే యంత్రము, ముక్కున నొక పంకా, నలుగురు కూర్చుండుటకు చోటు. రెక్కలు పైకప్పున నుండుటచే క్రిందికి చూచుటకు అడ్డు లేదు. వెలుపలినుండి చూచిన మన ఊళ్ల అద్దె కారునకు రెక్కలు మొలచినట్లుండును. ఆఱేండ్లనుండి రమ్మని పిలుచుచుండగా, మా ఇంటివారి పాఠశాలకు వేసవి సెలవులిచ్చిన పిమ్మట మేమిద్దరమును బయలుదేఱితిమి.

గ్రాండు కాన్యను చూపుమని మేమడిగితిమి. "అక్కడ లోయకంటె ముందు లోయను చూచువారి తలలు కనబడును, అక్కయ్యా! తలలు లేని చోటికి తీసికొనిపోయెదను" అనెను.

ఆ చోటు యూటా తూర్పు భాగమున నున్న శాన్ రఫాయెల్ స్వెల్ అను ఎడారి మెట్ట. పొడవు సుమారు 75 మైళ్లు, వెడల్పు 40 మైళ్లు. నాలుగు మొదలు ఆఱు కోట్ల సంవత్సరముల క్రిందట భూమి లోపలి ఒత్తిడిచే అచ్చటి రాతిపొరలు నూనెలో పూరీ పొంగినట్లు పొంగెను. ఆ పొంగును వానలును ఏఱులును కోసి కోసి లోయలుగా చేసినవి. తూర్పు అంచున ఇసుకరాతి పొరలు పైకి లేచి, రంపపు పండ్లవలె, కోటగోడవలె బారుగా నిలిచినవి. అందు మేము దిగవలసిన చోటునకు హిడెన్ స్ప్లెండర్ అని పేరు. మా ఇంటివారు దానిని వెంటనే "గుప్తశోభ" అని తెనిగించిరి. వారు పేరు కనబడిన తెనిగింపక మానరు.

అట్టి నిర్జన ప్రదేశమున విమానము దిగు నేల యెట్లు కలిగెనని మీరడుగవచ్చును, మేమును అడిగితిమి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అణ్వాయుధములకు యురేనియము కావలసి, అమెరికా ప్రభుత్వము దానిని మంచి వెలకు కొనసాగెను. 1950 ప్రాంతముల వేలకొలది జనులు ఈ ఎడారిమీద బడిరి. వెర్నన్ పిక్ అనునతడు 1952లో మడ్డీ క్రీక్ అను ఏటి దరిని ఖనిజము కనుగొని, 1954లో తన గనిని తొంబది లక్షల డాలర్లకు ఫ్లాయిడ్ ఓడ్లం అను ధనికుని సంస్థకు అమ్మెను. కొన్నవారు దానికి గుప్తశోభయని పేరు పెట్టిరి. త్రవ్వి చూడగా అనుకొన్నంత ఖనిజము లేదు. లోకులు ఊరకుందురా? "గుప్తశోభ కాదు, గుప్తమైన పొరపాటు" అనిరట. గనులు మూతబడినవి గాని, వానికై చదును చేసిన విమానపు బాటలు మిగిలెను. ఇప్పుడు విమానము నడుపు ఔత్సాహికులు తామే వచ్చి, రాళ్లేఱి, పొదలు కొట్టి, అట్టి బాటలలో కొన్నిటిని కాపాడుకొనుచున్నారు. అచ్చట దీపములు లేవు, పెట్రోలు లేదు, దిగుమని గాని దిగవద్దని గాని చెప్పువారు లేరు.

ఆ యురేనియపు గనులలో పనిచేసినవారి కథ శోభాయుతమైనది కాదు. గాలియాడని సొరంగములలో రేడాను అను వాయువును పీల్చి అనేకులు ఊపిరితిత్తుల జబ్బుతో మరణించిరి. వారిలో నవాహో జాతివారు పెక్కురు. భర్తలను పోగొట్టుకొన్న నవాహో స్త్రీలు ఈ విషయమై ఎంతో కాలము పోరాడిరి. 1990లో గాని వారికి పరిహారమిచ్చు చట్టము పుట్టలేదు. గుప్తశోభలో గని నోళ్లు కనబడినపుడు మా తమ్ముడు దరికి పోనీయలేదు. మాకును పోబుద్ధి కాలేదు.

ఇక బరువు సంగతి. పుష్పకవిమానమున ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండునని చిన్ననాటినుండి వినియున్నాము. మా తమ్ముని విమానమున ముగ్గురెక్కిన నాలుగవ చోటు సామానునకే చాలదు. దాని నిండు బరువు 1,300 కిలోలకు కొంచెము పైన. అందు విమానపు బరువు పోగా మిగిలినదానిలో పెట్రోలు, మనుష్యులు, సామాను అన్నియు ఇమడవలెను. అమెరికా గాలను పెట్రోలు ఆఱు పౌనులు తూగును. ఎడారిలో ఒకరికి దినమునకు ఒక గాలను నీరు కావలెనందురు. ముగ్గురికి రెండు దినములకు లెక్కించి, ఆపదకు కొంత కలిపి 30 లీటర్లు తీసికొనెను. అదియే 30 కిలోలు. ఏటి నీరు త్రాగుటకు పనికిరాదు. అది బురద, పైగా ఉప్పన. ఇన్ని నీళ్లు మోయుటకై పెట్రోలు తగ్గించెను, రెండవ దుప్పటి తీసివేసెను, గుడారపు మేకులను కూడ లెక్కించెను. పిదప మా వంక తిరిగి బరువులడిగెను. మా ఇంటివారు 74 కిలోలనిరి. మేము 62 అంటిమి.

చదువరులలో ఒక్కరైనను ఆ చోట వేఱు విధముగా చెప్పియుందురేమో మాకు తెలియదు. తమ్ముడే గదా అనుకొంటిమి. ఆ 62 ఒకప్పుడు నిజమే.

అంతటితో నిలిచినను బాగుండెడిది. ఊరినుండి తెచ్చిన ఆవకాయ జాడీని వెంట తెత్తుమనగా, "రెండు దినములకు జాడీ యెందుకక్కయ్యా, ఇంట నుండనీ" అని అతడనెను. తల యూచితిమి. సామాను తూచుట ముగిసిన పిమ్మట ఆ జాడీని, నేతి సీసాను, కందిపొడిని, ఒక ఇత్తడి గిన్నెను గుడ్డసంచిలో పెట్టి, శాలువ క్రింద దాచి, విమానములో కాళ్లదగ్గఱ ఉంచుకొంటిమి. అదియొక అయిదు కిలోలు. తల్లి పోయిననాడు వానికి అయిదేండ్లు, మాకు పండ్రెండు. వానికి అన్నము కలిపి పెట్టిన చేయి ఇది. పరదేశపు ఎడారిలో వానికి మా చేతి ముద్ద పెట్టవలెనని మా కోరిక. కోరిక మంచిదే, సంచిని దాచుటయే తప్పు.

తెల్లవాఱుచుండగా లేచిన విమానము పదునొకండు వేల అడుగులకు పైగా ఎక్కి, మంచు ఇంకను కరగని కొండలను దాటెను. కారులో సగము దినము పట్టు దూరము గంటంబావులో గడచెను. కొండలు దాటగానే నేల రంగు మాఱెను. పసుపు, కావి, ఇటికపొడి, ఎండిన నెత్తురు, నడుమ నడుమ బూడిద. పచ్చదనమనునది ఏటి వెంట సన్నని జరీయంచువలె మాత్రమే కనబడెను. మెట్ట చివర దిబ్బమీద గోటితో గీచినట్లొక గీత. "అదియే" అనెను. గీతమీద దిగుట యెట్లని మేము కన్నులు మూసికొంటిమి. విమానము క్రిందికి దిగి, దిగి, మరల పైకి లేచిపోయెను. ఏదో తప్పిపోయినదని మేము గట్టిగా రామనామము చెప్పితిమి. అతడు నవ్వి, అది దిగుట కాదనియు, రాళ్లు పడినవేమో, వానకు గాడులు పడినవేమో, గాలి యెటునుండి వీచుచున్నదో చూచుటకు ముందొకసారి తక్కువ యెత్తున పోవలెననియు చెప్పెను. రెండవసారి చక్రములు నేలను తాకెను. ధూళి లేచెను, పండ్లు టకటక కొట్టుకొనెను, ఆగితిమి.

యంత్రమాగినంతనే వినవచ్చిన నిశ్శబ్దమును ఎట్లు చెప్పవలెనో తెలియదు. మన ఊళ్లలో అర్ధరాత్రియందును కుక్కయో, రైలో, ఎవరి యింటనో దగ్గో వినబడును. అచ్చట మా చెవులలోని నెత్తుటి చప్పుడు మాకు వినబడెను.

విమానమును త్రాళ్లతో నేలకు కట్టి, దరినే గుడారములు వేసికొంటిమి. అచ్చటి మర్యాదలు కొన్ని మాకు నచ్చినవి. ఇసుకమీద నల్లని పొలుసువంటి మన్ను కనబడును. అది మన్ను కాదు, కంటికి కనబడని జీవుల అల్లిక. ఎడారి యిసుకను గాలికి పోకుండ పట్టియుంచునది అదియే. ఒక్క అడుగు పడిన మరల అల్లుకొనుటకు ఎన్నో యేండ్లు పట్టును. కావున రాతిమీదనో, ఏటి ఇసుకలోనో, ముందున్న బాటలోనో నడువవలెను. ముగ్గుమీద అడుగిడరాదని పిల్లలకు చెప్పినట్లు మా ఇంటివారు దినమంతయు మాకు చెప్పుచుండిరి. కాలకృత్యముల విషయమును దాచిపెట్టి ప్రయోజనము లేదు. ఆ పొడినేలలో ఏదియు త్వరగా చివుకదు గనుక, అందుకై చేసిన సంచులలో కట్టి, వెంట మోసికొని రావలయును. వినగానే రోత కలిగెను. మన పుణ్యతీర్థముల దరిని చూచినది తలచుకొనగా ఆ రోత తగ్గెను.

మఱునాడు ఏటిలో నడచితిమి. వేఱు బాట లేదు, ఏఱే బాట. చీమండలోతు, మోకాలిలోతు, చల్లని ఎఱ్ఱని నీరు. చీర పనికిరాదని తమ్ముని భార్య తన షరాయి ఒకటి ఇచ్చియుండుట మేలయ్యెను. ఆమె చంటిపిల్లతో ఇంటనే నిలిచిపోయెను. పోను పోను ఇరువైపుల రాతిగోడలు పైకి పోయి, ఆకాశము నీలపు నాడావలె మిగులును. ఇంకను పైకి పోయినచో చూట్ అను ఇఱుకు చోటున ఏఱు ఒక గోడనుండి రెండవ గోడవఱకు నిండి ప్రవహించునట. మేమంతదూరము పోలేదు. మా ఇంటివారి మోకాలు రాతికి తగిలి వాచినది. మిగిలిన గోడలలో పొరలు లెక్కించుచు వారు నొప్పి మఱచిరి. పైపొరలలో కొన్ని ఒకప్పటి ఎడారి ఇసుకదిబ్బలే రాయియైనవి. దిబ్బల వాలు గీతలు నేటికిని కనబడును. గాలి వీచిన దిక్కు రాతిలో నిలిచియుండుట వింతలలో వింత.

ఇట్టి లోయలలో భయము నీటివలననే. తలపైన ఎండ కాయుచుండగా ఎక్కడనో మైళ్లకొలది దూరమున కురిసిన వాన గోడవలె వచ్చిపడును. 1997 ఆగస్టులో అరిజోనాలోని యాంటిలోపు కాన్యనులో పదునొకండుగురు యాత్రికులు అట్లే మరణించిరి. మా తమ్ముడు బయలుదేఱుటకు ముందు ఏటి పుట్టుకవైపు వాతావరణమును కూడ చూచెను. ఆ రాత్రి పొయ్యి యొద్ద ఇంకొక కథ చెప్పెను. ఆరన్ రాల్‌స్టన్ అను యువకుడు 2003 ఏప్రిల్‌లో, ఈ చోటికి తూర్పున నున్న బ్లూజాన్ కాన్యనుకు ఎవ్వరికిని చెప్పక ఒంటిగా పోయెను. జాఱిన బండ చేతిని నొక్కిపట్టగా 127 గంటలు చిక్కుకొని, తుదకు తన చేతిని తానే కోసికొని బయటపడెను. "చెప్పిపోయియుండిన వెదకువారు ముందే వచ్చెడివారు" అని తమ్ముడనెను. కాళ్లదగ్గఱ జాడీ సంచి నుండగా ఆ మాట మాకు రుచింపలేదు.

మూడవనాటి ఉదయమున ఆఱున్నరకు లేవవలెనని అతడు ముందే చెప్పెను. మఱునాటి రాత్రి మా ఇండియా ప్రయాణము. మేమైదు గంటలకే లేచితిమి, అది నిజము. లేచి ఏటికి పోయితిమి. రెండు దినముల ధూళితో నున్న చీరను జాడించితిమి. ఆ నీట ఉతికిన చీర ఉతుకకముందుకంటె ఎఱ్ఱనయ్యెను. దానిని బండపై ఆఱవేసితిమి. మిగిలిన బియ్యము వృథా కారాదని పొయ్యి వెలిగించి అన్నము వండితిమి. జాడీ తీయుటకు సమయము వచ్చినదనుకొంటిమి. "అక్కయ్యా, పొద్దెక్కుచున్నది" అని అతడొకసారి చెప్పెను. "ఒక్క క్షణము నాయనా" అంటిమి. కొంతసేపటికి మరల చెప్పెను. మరల అదియే సమాధానము. మూడవసారి చెప్పలేదు. ఆవకాయ అన్నము వానికి పెట్టితిమి. కన్నుల నీరు తిరుగ తినెను. కారమువలననో మఱి దేనివలననో అడుగలేదు. అంతయు సర్దుకొనునప్పటికి పదిన్నరయైనది.

అతడు ఉష్ణమాపకమును నీడలో పట్టి చూచెను. 27 డిగ్రీలు. పుస్తకము తెఱచి, పెన్సిలుతో లెక్క వేయుచు కూర్చుండెను. అతడు చెప్పినది మాకు తెలిసినంతవఱకు వ్రాసెదము. ఆ దిబ్బ సముద్రమునకు సుమారు 4,800 అడుగుల ఎత్తున నున్నది. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచన, వేడి పెరిగినకొలది ఇంకను పలుచన. నీళ్లెక్కువైన మజ్జిగలో కవ్వమునకు పట్టు దొరకనట్లు, పలుచని గాలిలో పంకాకును రెక్కలకును పట్టు దొరకదు, యంత్రమునకు ఊపిరి చాలదు. తెల్లవాఱుజామున 10 డిగ్రీలున్నపుడు ఆ విమానమునకు ఆ దిబ్బ 5,300 అడుగుల ఎత్తున నున్నట్లు. ఇప్పుడు 7,400 అడుగుల ఎత్తున నున్నట్లు. బాట పొడవు మాత్రము పెరుగదు. బాట చివర దిబ్బ అంచు, దాని క్రింద లోయ.

ఆ పిమ్మట సామానెత్తబోయి మా సంచిని పట్టుకొనెను. పైకెత్తి, ఒక్క క్షణమాగి, మా ముఖము చూచెను.

మేము చెప్పితిమి. జాడీ సంగతి చెప్పి, ఆగి, 62 సంగతి కూడ చెప్పితిమి. ఇరువది యేండ్ల క్రిందట బలపములు దొంగిలించి వాడు మా యెదుట నిలిచినట్లు, మేము వాని యెదుట నిలిచితిమి. మా ఇంటివారు దూరముగా కొండలవైపు చూచుచుండిరి. అతడు కోపింపలేదు. "పది కిలోలు పెద్దబరువు కాదక్కయ్యా. చెప్పియుండిన తీసికొనియే వచ్చెడివాడను. లెక్కలో వేసికొనెడివాడను" అని పెన్సిలుతో సంఖ్య దిద్దుకొనెను. కోపించినను ఇంత బాధ యుండకపోవును.

లెక్క తేలెను. ముగ్గురము సామానుతో లేవజాలమనలేదు, లేచునని పుస్తకము చెప్పుచున్నదట. కాని పుస్తకములోని విమానము కొత్తది, దానిని నడిపినవాడు ఆఱితేఱినవాడు. కావున పుస్తకపు లెక్కకు సగము మిగులు కలిపి చూచుకొనుట తన నియమమని చెప్పెను. ఆ మిగులు ఇప్పుడు లేదు. సాయంకాలపు చల్లనివఱకు వేచియుండవచ్చును గాని, మధ్యాహ్నము గాలివానలున్నవని ముందే తెలిసెను. నీరు ఆఱు లీటర్లే మిగిలినది. కావున రెండు పర్యాయములుగా పోవుటకు నిశ్చయించెను. పదునేడు మైళ్లలో హాంక్స్‌విల్ అను చిన్న ఊరు, అచ్చట పొడవైన తారుబాట. ఒకరిని సామానుతో అచ్చట దింపి, వట్టి విమానముతో వచ్చి రెండవవారిని తీసికొనిపోవును. నిమిషనిమిషమునకు వేడి పెరుగుచున్నది గనుక బరువైనవారు ముందు.

"ఆడుదానిని ఈ అరణ్యమున ఒంటిగా విడిచి నేను పోదునా?" అని మా ఇంటివారు గట్టిగా ననిరి. వారి గొంతు అట్లు లేచుట మేము పదునాలుగేండ్లలో రెండుసార్లే వింటిమి. "మా వలన ఆలస్యమైనది, మేమే నిలిచెదము" అని మేమంటిమి. అది ధైర్యము కాదు. వాని యెదుట ఇంకొక అబద్ధమాడవలసిన స్థితి రాకూడదనిపించెను.

తమ్ముడు మాకు మూడు లీటర్ల నీరు, టోపీ, చేతిలో ఇమిడెడు ఉపగ్రహయంత్ర మొకటి ఇచ్చెను. సెల్‌ఫోను అచ్చట పలుకదు. ఈ యంత్రమున ఎఱ్ఱని మీట నొక్కిన రక్షకులకు కబురు పోవును. "గంటలో వచ్చెదను. రెండు గంటలు దాటిన నొక్కుము. అంతకుముందు నొక్కవద్దు. బాటను విడిచి పోవద్దు" అని చెప్పి, మా చేత మరల చెప్పించుకొనెను. ఎక్కములు మేము వానిచేత అట్లే చెప్పించితిమి.

పదునొకండు గంటలకు విమానము ధూళి రేపుచు పరుగెత్తెను. దిబ్బ అంచు దాటెను. దాటి, లేవక, క్రిందికి జాఱినట్లై కనబడకపోయెను. చప్పుడొక్కటే లోయలో మ్రోగెను. మాకు కాళ్లాడలేదు. అంతలో దూరముగా, గోడల నడుమనుండి అది పైకి తేలి, ఎండలో మెఱసి, తూర్పునకు మరలెను.

బండ నీడలో కూర్చుంటిమి. దమయంతి గుర్తునకు వచ్చెను. అరణ్యములో విడువబడిన స్త్రీల కథలు మనకు కొదువ లేవు. చిన్నప్పుడు కంఠస్థము చేసిన పద్యములు వల్లించుకొనబోతిమి గాని, ఆ నిశ్శబ్దములో మా గొంతే మాకు కొత్తగా వినబడి మానితిమి. తొండ యొకటి వచ్చి చూచి పోయెను. కాకివంటి పెద్దపక్షి రెక్కలు చప్పుడగునట్లు తలపైనుండి పోయెను. పండ్రెండైనది. గంట దాటెను.

అప్పుడొక సంగతి జ్ఞాపకమువచ్చెను. తమ్మునికి ఏడేండ్లుండగా, వసారాలో వానికి పుష్పకము కథ చెప్పితిమి. ఎందఱెక్కినను ఇంకొకరికి చోటుండునని చెప్పగా, "అంతమందియు ఎక్కిన ఆ బరువంతయు ఎవరు మోయుదురక్కా?" అని అడిగెను. దేవతల విమానమును గూర్చి వితండము పనికిరాదని కసరి, నిద్రపుచ్చితిమి.

పండ్రెండున్నర దాటెను. యంత్రమున పచ్చని దీపమొకటి వెలిగి ఆఱుచుండెను. ఏది తాకిన ఏమగునోయని దానిని రెండు చేతుల నడుమ కోడిగ్రుడ్డువలె పట్టుకొని కూర్చుంటిమి. బొటనవ్రేలు ఎఱ్ఱ మీటపైనే యుండెను. నీళ్లు లీటరు త్రాగియుంటిమి. ముందు విమానమునకేమైనదో యను భయము, పిదప మా ఇంటివారికేమైనదో యను భయము, ఆపైన మా కూతునకు ఎవరు చెప్పుదురను ఆలోచన. రెండు గంటలనినాడు. రెండు గంటలు కాలేదు. ఆ ఉదయము "ఒక్క క్షణము" అని ఎన్నిసార్లంటిమో అన్ని క్షణములును అచ్చట కూర్చుండి లెక్కించితిమి.

ఒంటిగంటకు పది నిమిషములుండగా తుమ్మెద చప్పుడువంటిది వినబడెను.

దిగినవెంటనే అతడు, "కబురు పంపితిని గదా, చూడలేదా?" అనెను. మా ఇంటివారికి దారిలో తల తిరిగి వాంతియైనదట. ఊరివద్ద నీడ వెదకి, కూర్చుండబెట్టి, నీరు త్రాగించి, కుదుటపడువఱకు నిలిచెను. "ఆలస్యమగును, భయపడకుము, బావగారు క్షేమము" అని ఫోనునుండి ఆ యంత్రమునకే కబురు పంపెను. పచ్చని దీపమదియే. తెఱచి చూచుట మాకు నేర్పలేదని చెప్పబోతిమి. నేర్పెను. ఆ వేళ చీర ఆఱినదో లేదోయని చూచుచుంటిమి.

ఇద్దఱమే యగుటచే విమానము తేలికగా లేచెను. అంచు చాల వెనుకనే మిగిలెను. ఈ పర్యాయము మేము కన్నులు మూయలేదు. క్రింద ఏఱు, మా అడుగులు పడిన ఇసుకతిన్నె, పొయ్యి రాళ్లను మరల విసరివేసిన చోటు, అన్నియు చిన్నవై పోయెను.

హాంక్స్‌విల్‌లో మా ఇంటివారు గోడ నీడన సామానుమీద కూర్చుండి, ఒడిలో జాడీ పెట్టుకొని యుండిరి. జాడీ పగులలేదు. మమ్ము చూచి లేచి, ఏమియు అనక, టోపీ సవరించిరి. ఇచ్చట బాట పొడవైనది, సామానులో నీటిబరువు తగ్గినది, ముగ్గురమును కలిసి పోవచ్చునని తమ్ముడు చెప్పెను. చెప్పి, మరల పుస్తకము తెఱచి, పెన్సిలు పట్టెను.

"అక్కయ్యా, నీ బరువు?"

"అఱువది యేడు. జాడీ సంచి అయిదు."

వ్రాసికొని బావగారి వంక తిరిగెను. మా ఇంటివారు కొంచెము దగ్గి, మోకాలు నిమురుకొని, "నాది డెబ్బది నాలుగని చెప్పితిని గదా" అనిరి. మేము వారి వంక చూచితిమి.

"డెబ్బది యాఱు వేసికొనుము" అనిరి.